ముక్తినాథ్ యాత్ర: బెజవాడ, గుంటూరు నుంచి బయల్దేరేవారికి ఎత్తు లెక్కలు

వైష్ణవులకు పవిత్రమైన 108 దివ్యదేశాల్లో మన రాష్ట్రంలో ఉన్నవి తిరుమల, అహోబిలం. నేపాల్లోని ముక్తినాథ్ కూడా ఆ వరుసలోదే కాబట్టి మన వైపు నుంచి అరవై దాటినవాళ్లు కూడా పట్టుబట్టి వెళ్తారు. వెళ్లడం కష్టం కాదు. కానీ చాలామంది ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని లెక్క వేసుకుంటారు. వేసుకోవాల్సింది ఎత్తు లెక్క.

విజయవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్లు కూడా ఉండదు. తిరుమల 850 మీటర్లు. మన్యంలోని అర్మకొండ కూడా 1,700 మీటర్ల లోపే. ముక్తినాథ్ గుడి 3,700 మీటర్లకు పైన ఉంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండు వంతులే. పోఖరా సుమారు 820 మీటర్లు, అంటే తిరుమలంత. పోఖరాలో పొద్దున విమానం ఎక్కితే ఇరవై నిమిషాల్లో 2,700 మీటర్ల ఎత్తున్న జోమ్‌సోమ్‌లో దిగుతారు, అక్కణ్ణుంచి జీపులో మధ్యాహ్నానికల్లా గుడి దగ్గర ఉంటారు. ఒక్క పూటలో 2,900 మీటర్లు. తలనొప్పి, వాంతులు, కాళ్లలో సత్తువ లేకపోవడం ఇక్కడే మొదలవుతాయి.

అందుకే రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది ముందు తేల్చుకోండి. పోఖరాలో ఒకటి రెండు రాత్రులు, తర్వాత మార్ఫా (2,670), జోమ్‌సోమ్ లేదా కాగ్‌బేనీలో (2,800) కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు. మరునాడు తెల్లవారుజామున ముక్తినాథ్ వెళ్లి, దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి కిందికి దిగిపోవాలి. గుడి కింద రాణీపౌవాలో లాడ్జీలు బాగానే ఉంటాయి. కానీ పెద్దవాళ్లను అక్కడ పడుకోబెట్టకండి. ఊపిరి ఇబ్బంది రాత్రిపూట నిద్రలోనే ముదురుతుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. ప్యాకేజీ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఏ రాత్రి ఏ ఊళ్లో? మెనూ గురించి తర్వాత అడగవచ్చు.

కాగితాల సంగతి. భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవారికి మాత్రమే చెల్లుతుంది. యాభై ఏళ్లాయన ఆధార్ ఒక్కటే పట్టుకుని గన్నవరంలో ఎక్కినా, ఢిల్లీలో కాఠ్‌మాండూ విమానం కౌంటర్ దగ్గర ఆగిపోతారు. ఓటరు కార్డు మీద పేరు, టికెట్ మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో నెల ముందే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరంగా ఉంటాయి. జోమ్‌సోమ్ ప్రాంతం అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం కిందికి వస్తుంది. దాని పర్మిట్ మనతో సహా సార్క్ దేశాల వారికి 1,000 నేపాలీ రూపాయలు. అది పోఖరాలోనే తీసుకుంటే దారిలో చెక్‌పోస్టు దగ్గర తగువుండదు. రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

రైల్లో వెళ్లేవారికి విజయవాడ మీదుగా పోయే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ గోరఖ్‌పూర్ దాకా నేరుగా ఉంది. గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దు ఊరు సునౌలీ వంద కిలోమీటర్ల లోపు. దాటితే భైరహవా, అక్కణ్ణుంచి పోఖరాకు కొండదారిలో ఏడెనిమిది గంటలు. భైరహవా పక్కనే లుంబినీ ఉంది. అమరావతి స్తూపాన్ని చూస్తూ పెరిగినవాళ్లు బుద్ధుడు పుట్టిన చోటుకు ఒక పూట కేటాయించకుండా వెళ్లిపోతే బాధగా ఉంటుంది.

పోఖరా నుంచి పైకి రెండు దారులు. విమానాలు ఇరవై సీట్ల లోపు చిన్నవి, పొద్దున పూటే ఎగురుతాయి. కారణం గాలి. ధౌళగిరి, అన్నపూర్ణ శిఖరాల మధ్య కాళీగండకి లోయ సందులా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పైనున్న ముస్తాంగ్ పీఠభూమి వేడెక్కి, కింది గాలిని ఆ సందులోంచి లాగుతుంది. పదకొండు దాటితే దుమ్ము లేచి నిలబడటమే కష్టం. మబ్బు పట్టినా, గాలి ముందే లేచినా విమానం రద్దవుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో పోఖరాకీ, ఇంటికి వెళ్లే రైలు లేదా విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ వదలాలి. ఆ రోజు వదలనివారు జోమ్‌సోమ్‌లో ఇరుక్కుని, అప్పటికప్పుడు దొరికిన జీపుకి అడిగినంతా ఇచ్చి రాత్రివేళ దిగుతారు. రాత్రి ఆ దారి మంచిది కాదు.

రోడ్డు మార్గం బేనీ, తాతోపానీ మీదుగా. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు ఎనిమిది పది గంటలు, బేనీ దాటాక కుదుపులు ఎక్కువ. నడుంనొప్పి ఉన్నవాళ్లకు బెల్టు, వాంతులయ్యేవారికి ముందు సీటు. తాతోపానీలో (1,190) ఒక రాత్రి ఆగితే ప్రయాణం రెండు ముక్కలవుతుంది, ఒళ్లు కూడా నెమ్మదిగా ఎత్తుకు అలవాటు పడుతుంది. వేణ్నీళ్ల ఊటలున్న ఊరది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడతాయి, చలికాలంలో పైన మంచు. మార్చి నుంచి మే, లేదా అక్టోబరు, నవంబరు చూసుకోండి.

మందుల విషయంలో కుటుంబ వైద్యుణ్ణి కలవకుండా బయల్దేరవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ (డయామాక్స్ పేరుతో దొరుకుతుంది) ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం వేసుకోవడం వాడుకలో ఉన్న మోతాదు. 250 బిళ్లలో సగం. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. అవి మామూలే. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్య ఉన్నవారు, బీపీకి మూత్రం వచ్చే బిళ్లలు వాడేవారు వైద్యుడు చెప్పనిదే ముట్టుకోకూడదు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని రాత్రి గదిలో వదిలేస్తే గడ్డకట్టి చెడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోవాలి. గ్లూకోమీటర్ కూడా చలికి తప్పు చూపిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చల్లటి వేళ్ల మీద తక్కువ చూపిస్తుంది, చేతులు రుద్దుకుని వెచ్చబడ్డాక చూడండి. ఆ ఎత్తులో 85 నుంచి 90 మధ్య చాలామందికి కనిపించే అంకె.

చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే అయిపోతుంది. దాన్ని నమ్ముకుని పైన ఉండిపోవడం ప్రమాదం. తలనొప్పితో పాటు వాంతులు అవుతుంటే ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ వస్తే, గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేలు తగిలించి నాలుగడుగులు వేయమంటే తూలుతుంటే, లేదా మాట తడబడితే, రాత్రయినా సరే జీపు పిలిచి దిగాల్సిందే. దర్శనం కాలేదు కదా అని ఇంకో గంట ఆగవద్దు. జోమ్‌సోమ్‌లో ఆస్పత్రి ఉంది. బీమా తీసుకునేటప్పుడు 4,000 మీటర్ల దాకా వర్తిస్తుందా, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా అన్న రెండు ముక్కలు పాలసీలో రాసి ఉన్నాయేమో చూడండి.

ఇంటి దగ్గర సాధన ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు 1.2 కిలోమీటర్లు, పోయి రావడం రోజూ. వారంలో రెండు రోజులు మంగళగిరి కొండ మెట్లు, వీపున నాలుగైదు కిలోల సంచితో. కొత్త బూట్లు ఈ ఆరు వారాల్లోనే కాళ్లకు అలవాటు కావాలి. అయితే ఈ కసరత్తు కాళ్లకూ గుండెకూ పనికొస్తుందే తప్ప ఎత్తు జబ్బును ఆపదు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు పరుగున మెట్లెక్కి ముందు పడిపోవచ్చు, నెమ్మదిగా నడిచిన మామ్మగారు బాగానే ఉండవచ్చు.

తిండి సంగతికొస్తే, ఉపవాసంతో దర్శనానికి వెళ్లే అలవాటును ఈ ఒక్కచోట పక్కన పెట్టమని పెద్దలను బతిమాలండి. పొద్దున కాస్త ఉప్మా, రొట్టె, అరటిపండు ఏదో ఒకటి కడుపులో పడాలి. రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు తాగాలి (గుండె, కిడ్నీ జబ్బులవారు వైద్యుడు చెప్పినంత). పైన నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మీ చిన్న రైస్ కుక్కర్లో అన్నం పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ కావాలి, లేదా లాడ్జీ వాళ్ల దాల్‌భాత్ తినడం నయం. గోంగూర పచ్చడి సీసా ఎత్తుకు వెళ్లేకొద్దీ నూనె కక్కుతుంది. మూతకింద పాలిథిన్ కాగితం వేసి, సీసాను రెండు సంచుల్లో కట్టి, బట్టలకు దూరంగా పెట్టండి. కందిపొడి, కారప్పొడి అయితే ఈ తంటా లేదు.

వంద భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. పెద్ద నోట్ల మీద 2018 చివరి నుంచి నిబంధనలు మారుతూ వచ్చాయి, వంద, అంతకన్నా చిన్నవి పట్టుకెళ్తే గొడవ లేదు. పోఖరాలో చాలా దుకాణాల్లో ఫోన్‌పే క్యూఆర్ మీద మన యూపీఐ పనిచేస్తుంది (ఇది నేపాల్ వాళ్ల ఫోన్‌పే, మన ఫోన్‌పే కాదు). పైకి వెళ్లాక కరెంటు, సిగ్నల్ నమ్మలేం, నాలుగు రోజుల ఖర్చు నగదుగా ఉంచుకోండి. వాచీ పావుగంట ముందుకు తిప్పుకోండి.

రాణీపౌవా నుంచి గుడికి అరగంట ఎక్కుడు. గుర్రాలు దొరుకుతాయి. గుడి వెనక 108 ధారలు గోముఖాల్లోంచి పడతాయి, ముందు రెండు కుండాలు. ఆ నీళ్లు మంచు కరిగినవి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు మునగవద్దు, తలపై చల్లుకుంటే చాలు. తలస్నానం చేసేవారికి తువ్వాలు, పొడి బట్టలు, ఉన్ని టోపీ పట్టుకుని ఒకరు పక్కనే నిలబడాలి. తడి చీరతో ఆ గాలిలో అయిదు నిమిషాలున్నా వణుకు ఆగదు. తుడుచుకున్నాక ముందు టోపీ, తర్వాతే మిగతావి. పక్కనే జ్వాలామాయి గుడిలో రాతి సందులోంచి సహజవాయువు మండుతూ కనిపిస్తుంది, చూసి దిగండి. పితృకార్యాలు చేయించేవారు దిగేదారిలో కాగ్‌బేనీ సంగమం దగ్గర పెట్టుకోవచ్చు. గాలి లేచేలోపు పది గంటలకే అక్కడికి చేరేలా జీపు డ్రైవరుతో ముందు రోజే మాట్లాడుకోండి.