మోకరించే మోకాళ్లు, మోసే భుజాలు: విశ్వాసి తన దేహాన్ని ఎలా చూసుకోవాలి

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాడొకడిని నలుగురు మోసుకొని కపెర్నహూములోని ఒక ఇంటికి వస్తారు. లోపల జనం కిక్కిరిసి ఉండడంతో వారు వెనుదిరగక, రోగిని ఇంటికప్పు మీదికి చేర్చి, కప్పు విప్పి సందుచేసి, పరుపుతో సహా యేసు ఎదుటికి దింపుతారు. అప్పుడు "యేసు వారి విశ్వాసము చూచి" అని సువార్తికుడు రాశాడు. ఆ మాట చదివిన ప్రతిసారీ నా మనసు ఆ నలుగురి భుజాల మీదికి పోతుంది. పైకి ఎక్కేటప్పుడు వారు బరువు పంచుకొని ఉంటారు, దింపేటప్పుడు పరుపు ఒక పక్కకు ఒరిగిపోకుండా చేతులు బిగబట్టి ఉంటారు. ఆ రోజు కంటికి కనబడిన విశ్వాసానికి వెన్నూ చేతులూ మోకాళ్లూ ఉన్నాయి.

దేహాన్ని ఆరోగ్యంగా ఉంచుకోవడం విశ్వాసికి ఎందుకు అవసరమో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు. అద్దంలో బాగా కనబడడం కోసం కాదు, దేవుని దగ్గర మార్కులు సంపాదించుకోవడం కోసం అసలే కాదు. మోయవలసిన మంచం ఎదురైనప్పుడు మోయగలగడం కోసం. కింద చెప్పబోయే ప్రతి అలవాటునూ ఆ కొలతతోనే చూడమని కోరుతున్నాను.

వాక్యాన్ని సరిగా పట్టుకోవడం

వ్యాయామం గురించి మాట్లాడేవారు ఎక్కువగా ఎత్తిచూపే వచనం మొదటి కొరింథీయులకు 6:19. మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు అక్కడ రాశాడు. ఆయన ఆ మాటను జారత్వం గురించి హెచ్చరిస్తూ రాశాడన్నది మరచిపోకూడదు. అది బరువు తగ్గమని చెప్పిన వచనం కాదు. అయితే ఆయన చూపిన కారణం, "మీరు మీ సొత్తు కారు" అన్నది, మన తిండికీ నిద్రకూ శ్రమకూ కూడా వర్తిస్తుంది. కాబట్టి ఆ వచనాన్ని బాధ్యతను గుర్తుచేసే మాటగా వాడండి, లావుగా ఉన్న సహోదరుణ్ణి సిగ్గుపరిచే కొరడాగా వాడకండి.

రెండవది మొదటి తిమోతికి 4:8. శరీర సంబంధమైన సాధకము "కొంచెముమట్టుకే" ప్రయోజనకరమని పౌలు అన్నాడు కనుక ఆ కొంచెం కూడా అక్కరలేదని కొందరు తేల్చేస్తారు. పౌలు దానిని కొట్టిపారేయలేదు, దైవభక్తి తర్వాతి స్థానంలో ఉంచాడు. పైగా ఆ కాలపు మనుషుల రోజువారీ బ్రతుకే శ్రమతో నిండి ఉండేది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు త్రోయలో తెల్లవారేవరకు ప్రసంగించి, తోటివారిని ఓడలో పంపించి, తాను మాత్రం అస్సు వరకు కాలినడకన వెళ్లాడు. అది సుమారు 30 కిలోమీటర్ల దారి. అలాంటి మనిషికి వ్యాయామం గురించి విడిగా చెప్పనవసరం లేదు. రోజులో ఎక్కువ భాగం కుర్చీలో గడిపే మనకు చెప్పాలి.

మొదలుపెట్టే ముందు

ఒక కాగితం తీసుకొని, మీరు చేస్తున్న లేదా చేయవలసిన పనులలో శరీర బలం కావలసినవి మూడు రాయండి. మంచం పట్టిన తల్లిని లేపి కూర్చోబెట్టడం, ఆదివారం బడిలో పిల్లలతో నేల మీద కూర్చొని లేవడం, ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి మెట్లెక్కి వెళ్లడం, ఇలా ఏవైనా కావచ్చు. ఇన్ని కిలోలు తగ్గాలి అనే లక్ష్యం కంటే ఈ మూడు పనులే మిమ్మల్ని ఎక్కువ కాలం నడిపిస్తాయని నా నమ్మకం, ఎందుకంటే వాటి వెనుక మీరు ప్రేమించే మనుషులు ఉంటారు.

తర్వాత చేతులు పెట్టుకోవడానికి ఆధారం లేని, గట్టిగా నిలబడే కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసుకోండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకొని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి మళ్లీ కూర్చోగలరో లెక్కపెట్టి, ఆ సంఖ్యను తేదీతో సహా అదే కాగితం మీద రాసి బైబిలులో పెట్టుకోండి. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, శ్రమపడితే ఛాతీలో నొప్పి గాని కళ్లు తిరగడం గాని ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడిగిన తర్వాతే దేనినైనా ప్రారంభించాలి.

నడక

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలు వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో శ్రమ చేయాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు నడిస్తే తక్కువ హద్దు నిండుతుంది. ఇప్పటివరకు అసలు నడవనివారు 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటే చాలు.

ఆ మోస్తరు వేగం ఎంత అన్నది తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు, 23వ కీర్తన చాలు. "యెహోవా నా కాపరి" అని పైకి చెబుతూ నడవండి. ఒక్కొక్క వచనాన్ని తెగకుండా చెప్పగలుగుతూ, అదే వచనాన్ని పాటగా ఎత్తుకుంటే మధ్యలో ఊపిరి అందకపోతే, మీ వేగం సరిగ్గా ఉంది. హాయిగా పాడగలుగుతున్నారంటే ఇంకొంచెం వేగం కావాలి. మూడు మాటలకే ఆయాసం వస్తే తగ్గించాలి. నేను ఈ కొలతతోనే నడుస్తాను. "గాఢాంధకారపు లోయలో" అనే చోటుకు వచ్చేసరికి ఎత్తు ఎక్కుతూ ఉంటే గొంతు తడబడుతుంది, దిగేటప్పుడు మళ్లీ కుదుటపడుతుంది.

నడకను విజ్ఞాపన ప్రార్థనకు కూడా వాడుకోవచ్చు. దారిని నాలుగైదు భాగాలుగా అనుకొని, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క కుటుంబం కోసం ప్రార్థించండి. అయితే తలుపు వేసుకొని చేసే రహస్య ప్రార్థన స్థానంలో దీనిని పెట్టకండి. నడిచేటప్పుడు మనసు దారి మీద, వాహనాల మీద కొంత ఉండక తప్పదు, ఉండాలి కూడా.

బలం

నడక ఒక్కటే సరిపోదు. కండరాల బలం కోసం వారానికి కనీసం రెండు రోజులు కేటాయించాలి, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ వాడని కండరం తరిగిపోతుంది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం, గోడకు చేతులు ఆనించి శరీరాన్ని ముందుకు వంచి వెనక్కి నెట్టుకోవడం, రెండు చేతులా సమానమైన బరువు పట్టుకొని గది అంతా నడవడం, ఈ మూడింటికీ ఏ పరికరమూ అక్కరలేదు.

మోకరించడాన్ని కూడా ఇందులో చేర్చండి. ఒక కాలు ముందుకు వేసి, రెండవ మోకాలిని మెత్తని గుడ్డ మీదికి నెమ్మదిగా దించండి, దభీమని పడవద్దు. లేచేటప్పుడు ముందున్న పాదాన్ని నేలకు గట్టిగా అదిమి, చేతులు ఆ తొడ మీద పెట్టుకొని లేవండి. మరునాడు కాలు మార్చండి. ప్రార్థనకు ఎలాగూ మోకరిస్తాము కనుక, ఆ దిగడం, ఆ లేవడం శ్రద్ధగా చేస్తే తొడలకూ తుంటికీ అదే సాధన అవుతుంది. మోకాళ్లు అరిగిపోయినవారు కుర్చీలోనే కూర్చొని ప్రార్థించవచ్చు; దేవుడు మోకాలి చిప్పలను లెక్కపెట్టడు. 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా ఉండడానికి, పక్కన ఆధారం ఉంచుకొని ఒంటికాలి మీద నిలబడడం వంటి సమతుల్య సాధన వారానికి మూడు రోజులు చేయడం మంచిది.

తిండి, ఉపవాసం

"మీరు భోజనముచేసినను పానముచేసినను" సమస్తాన్నీ దేవుని మహిమ కొరకు చేయమని వాక్యం చెబుతుంది. దీనిని ఆచరణలో పెట్టే సులువైన మార్గం ఒకటుంది: భోజనానికి ముందు చేసే స్తుతిని భోజనం చివర కూడా ఒకసారి చేయడం. రెండవసారి వడ్డించుకోబోయే ముందు ఒక నిమిషం ఆగి కృతజ్ఞత చెబితే, కావలసింది ఆకలా, రుచి మీద మోజా అన్నది చాలాసార్లు తేలిపోతుంది. గలతీయులకు 5వ అధ్యాయంలో ఆత్మ ఫలంలో చివరగా చెప్పిన ఆశానిగ్రహం ఇలాంటి చిన్న విరామాలలోనే పెరుగుతుంది. మీ నియమాన్ని పక్కవాడి పళ్లెం మీదికి తీసుకుపోకండి; రోమీయులకు 14వ అధ్యాయం దానిని స్పష్టంగా వారిస్తుంది.

ఉపవాసాన్ని బరువు తగ్గే ఉపాయంగా మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను. అది దేవుని వెదకడానికి చేసేది. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడేవారు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, వైద్యుని సలహా లేనిదే ఉపవాసం ఉండకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో మానసిక బాధ పడినవారు ఉపవాసానికి బదులు మరొకదానిని, ఉదాహరణకు ఫోనును, ఆ రోజుకు విడిచిపెట్టవచ్చు.

నిద్ర, విశ్రాంతి

సంఘంలో అందరికంటే ఎక్కువగా కష్టపడేవారే ఈ విషయంలో ఎక్కువగా తప్పిపోతారు. ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకొని పడుకున్నప్పుడు దేవుడు మొదట ఉపదేశం పంపలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో లేపించి రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబులో మాట్లాడింది ఆ తర్వాత. గాలివానలో ఓడ వెనుక తలగడ మీద యేసు నిద్రపోయాడని కూడా మార్కు రాశాడు. నిద్ర మానుకోవడమే భక్తి అనుకునేవారు ఈ రెండు భాగాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరం. రాత్రంతా సాగే ప్రార్థన కూటానికి వెళ్లితే మరునాడు పగలు నిద్రకు చోటు ముందుగానే కేటాయించుకోండి, తెల్లవారుజామున మీరే వాహనం నడుపుకొని ఇంటికి రావద్దు. వారంలో ఒక రోజు వ్యాయామానికీ సెలవు ఇవ్వండి, శ్రమపడిన కండరం బాగుపడేది విశ్రాంతిలోనే. ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం జరిగే పరుగు కనుక 100 మీటర్ల పోటీని వదులుకొని, 400 మీటర్లలో 47.6 సెకన్లకు బంగారు పతకం గెలిచాడు. అంతకంటే నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన చివరి రోజులు. చైనాలో మిషనరీగా ఉండి, యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో చిక్కుకున్నప్పుడు ఆయన అక్కడి పిల్లలకు ఆటలు ఏర్పాటు చేశాడు, 1945లో అక్కడే మరణించాడు.

జబ్బుపడిన దేహం

ఆరోగ్యంగా ఉన్నవాడికి విశ్వాసం ఎక్కువ, రోగికి తక్కువ అనే బోధ ఎక్కడ వినిపించినా నమ్మకండి. త్రోఫిము రోగియైనందున అతన్ని మిలేతులో విడిచి రావలసి వచ్చిందని పౌలే రాశాడు. తిమోతికి కడుపు జబ్బు ఉంది. పౌలు ముల్లు తొలగిపోలేదు, కృప మాత్రం చాలింది. పౌలుతో ఉన్న లూకా వైద్యుడు. ప్రార్థిస్తున్నామని మందులు మానేయవద్దు, మందులు వాడుతున్నామని ప్రార్థన మానేయవద్దు. మంచం మీద ఉన్నవారు వైద్యుడు అనుమతించిన మేరకు చీలమండలు తిప్పడం, పిడికిలి మూసి తెరవడం, నెమ్మదిగా లోతుగా ఊపిరి తీసుకోవడం చేయవచ్చు, ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క పేరు తలచుకొని ప్రార్థించవచ్చు.

పన్నెండు వారాలు గడిచిన తర్వాత బైబిలులో పెట్టిన ఆ కాగితాన్ని బయటికి తీసి, అదే కుర్చీ, అదే గోడ, అదే 30 సెకన్లతో మళ్లీ లెక్కపెట్టండి. కొత్త సంఖ్యను పాతదాని పక్కనే రాసి, పైన రాసుకున్న మూడు పనులలో ఇంకా మొదలుపెట్టనిది ఏదైనా ఉంటే ఆ వారమే దానికి బయలుదేరండి.