సెర్చ్ కీవర్డ్‌లు ఎలా ఎంచుకోవాలి? ముందు కొనేవాళ్ల నోట్లో మాట వినండి

మా తోడల్లుడు గానుగ నూనెల వ్యాపారం మొదలుపెట్టి, వెబ్‌సైట్ చేయించాడు. పేజీ మీద పెద్ద అక్షరాల్లో ‘సంప్రదాయ శీతల పీడన నూనెలు’ అని రాయించాడు. ఆరు నెలలైనా సెర్చ్‌లో వెతుక్కుని వచ్చి కొన్నవాళ్లు ఒక్కరూ లేరు. నూనెకు వంక పెట్టడానికేమీ లేదు. కానీ ‘శీతల పీడన’ (కోల్డ్ ప్రెస్) అని టైప్ చేసేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. జనం సెర్చ్‌లో టైప్ చేసే మాటలనే కీవర్డ్‌లంటారు.

ఇది తెలివితక్కువతనం కాదు. సరుకు గురించి ఎక్కువ తెలియడం వల్ల వచ్చిన తిప్పలు. కుక్క బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే మనం ‘కుక్క’ అంటాం. ‘జంతువు’ అనం, ‘పమేరియన్’ అనీ అనం. మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని ఈ నడిమి మాటే ముందు నోటికొస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియనార్ రోష్ బృందం 1976లో చూపించింది. 1991లో టనాకా, టేలర్ అనే పరిశోధకులు కుక్కల గురించీ పక్షుల గురించీ బాగా తెలిసినవాళ్లను పరీక్షించారు. తమకు పట్టున్న విషయంలో వాళ్లకు జాతి పేరు కూడా నడిమి మాటంత తేలిగ్గా వచ్చేసింది. అమ్మేవాడు తన సరుకులో పండితుడు కదా, అతనికి తోచే మాట కొనేవాళ్లకు తోచదు.

1. కీవర్డ్ టూల్ తర్వాత, ముందు కాగితం తీయండి

మీ వ్యాపారంతో సంబంధం లేని ఐదారుగురికి వస్తువు చూపించండి. పేరు మాత్రం మీరు చెప్పొద్దు. ‘ఇది కావాలంటే ఫోన్‌లో ఏమని కొడతారు?’ అని అడిగి, ఏం చెబితే అది రాసుకోండి. దిద్దొద్దు. వయసులు, జిల్లాలు వేరుగా ఉంటే ఇంకా మంచిది. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువని జార్జ్ ఫర్నాస్, ఆయన తోటి పరిశోధకులు 1987లోనే తేల్చారు. కాబట్టి జాబితా గజిబిజిగా వస్తే కంగారు పడకండి, రావాల్సింది అలాగే.

2. మెట్లుగా పేర్చండి

పై మెట్టు ‘నూనె’. నడిమి మెట్టు ‘పల్లీ నూనె’. కింది మెట్టు ‘ఎద్దు గానుగలో ఆడించిన పల్లీ నూనె’. పై మెట్టు జోలికి పోవద్దు. తలకు రాసుకునేదీ, దీపంలో పోసేదీ, మోకాళ్లకు మర్దన చేసేదీ అన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. పేజీ శీర్షికలో నడిమి మాట ఉండాలి. కింది మెట్టు మాటలు ఉపశీర్షికల్లోకి, వివరాల్లోకి వెళ్తాయి.

3. ఒక్కో మాటకు ఊరూరి పేర్లు రాయండి

తెలుగులో ఎక్కువ పని ఇక్కడే. ఒకచోట వేరుశెనగ, ఇంకోచోట పల్లీలు, మరోచోట చెనక్కాయలు. నువ్వుల నూనెను ఆవకాయ పెట్టే చాలా ఇళ్లల్లో ‘పప్పునూనె’ అంటారు. ‘మంచినూనె’ అంటే కొందరికి నువ్వుల నూనె, కొందరికి వంటకు వాడే నూనె ఏదైనా సరే. ఇలాంటి రెండర్థాల మాటను ఒంటరిగా వాడకుండా పక్కన ఇంకో మాట చేర్చండి.

లిపి సంగతి వేరే ఉంది. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. ‘నూనె’ను వాళ్లు ఎన్ని స్పెల్లింగుల్లో రాస్తారో అడిగి చూడండి, నవ్వొస్తుంది. వాటిలో ఎక్కువమంది రాసేది ఒకటి పేజీలో ఎక్కడో ఉంటే చాలు.

4. అవసరాన్ని బట్టి కట్టే గుంపులు పట్టుకోండి

మనసు వస్తువులను జాతిని బట్టే కాదు, పనిని బట్టి కూడా గుంపు కడుతుంది. ‘ఇల్లు తగలబడుతుంటే బయటికి తెచ్చుకోవాల్సినవి’ అనగానే పిల్లలు, పాసుపుస్తకం, నగలు ఒక్క గుంపవుతాయి. నిఘంటువులో ఇవెప్పుడూ పక్కపక్కన ఉండవు. ఇలా అప్పటికప్పుడు కట్టుకునే గుంపుల గురించి లారెన్స్ బార్సలూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో రాశాడు. సెర్చ్ పెట్టెలో పడే ప్రశ్నలు చాలావరకు ఈ బాపతే: ‘ఆవకాయకు ఏ నూనె వాడాలి’, ‘దీపారాధనకు ఏ నూనె మంచిది’. కొనబోయేవాళ్లు అడిగేది ఇలాగే. నన్నడిగితే, చిన్న వ్యాపారికి పోటీ తక్కువగా ఉండేదీ ఇక్కడే. ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ రాయండి.

5. ఇప్పుడు టూల్ తెరవండి

రాసుకున్న మాటలు గూగుల్‌లో సగం సగం టైప్ చేసి, కింద ఏం సూచిస్తుందో చూడండి. ఏ మాటను ఎక్కడ ఎంతగా వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో ‘పల్లీ’, ‘వేరుశెనగ’ రెండూ పోల్చి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విడివిడిగా చూడండి. మరీ తక్కువమంది వెతికే మాటకు అక్కడ గీత కనిపించదు. అంతమాత్రాన ఆ మాట కొట్టేయొద్దు. చివరికి ఆ మాటతో మీరే వెతకండి. మొదటి పేజీ నిండా జుట్టు నూనెలే వస్తే, ఆ మాట మీ సరుకుది కాదన్నమాట.

6. రాసేటప్పుడు కుక్కొద్దు

దొరికిన మాటలన్నీ ఒకే పేరాలో దట్టిస్తే చదివేవాడు పారిపోతాడు, గూగుల్ కూడా దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. పేజీ వెనక దాచే కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు (ఫలితాల్లో ఏ పేజీ ముందు రావాలో తేల్చడానికి) వాడడం లేదని 2009లోనే ఆ సంస్థ చెప్పింది. అది నింపిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

రెండు మూడు నెలలాగి, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో జనం ఏ మాటలతో వచ్చారో చూసుకోండి. పేజీలు తిరగరాశాక మా తోడల్లుడికి అక్కడ ‘శనగ నూనె’ కనిపించింది. “శనగల్లోంచి నూనె ఎక్కడొస్తుంది, అది వేరుశెనగ నూనె కదా!” అని నాతో కాసేపు వాదించాడు. తర్వాత పల్లీ నూనె పేజీలో ఒక లైను చేర్చాడు: ‘మీ ఇంట్లో శనగ నూనె అనేది దీన్నే.’