ప్రేమలో పడ్డాక మీరు పెరిగారా, తరిగారా? ఇలా చూసుకోండి

ప్రేమలో పడ్డాక మనిషి మారడం తప్పేం కాదు, మారకపోతేనే ఆశ్చర్యం. చూసుకోవాల్సిందల్లా ఆ మార్పు మీకు ఏదైనా కలిపిందా, ఉన్నది లాక్కుందా అని. దానికి కాగితం, పెన్ను చాలు.

ఒంటరిగా కూర్చుని 'నేనెవరు?' అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయండి. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు వాడిన పరీక్ష ఇది. ఉద్యోగం, చదువు, ఎవరి కొడుకు, ఎవరి అక్క లాంటివి గబగబా వచ్చేస్తాయి, తర్వాత పెన్ను ఆగిపోతుంది. అక్కడ లేవకండి, పనికొచ్చే జవాబులు ఆ తర్వాతే వస్తాయి.

ఇప్పుడు ఆ బంధం మొదలయ్యాక కొత్తగా చేరినవాటికి టిక్ పెట్టండి. పక్కనే, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివి ఇంకో జాబితాగా రాయండి (చాలామంది తప్పించుకునేది దీన్నే). చేరినవన్నీ లాభం, పోయినవన్నీ నష్టం అనుకోవద్దు. మాటింగ్లీ, లెవాండోస్కీ, మెకింటైర్ అనే పరిశోధకులు 2014లో దీన్ని నాలుగు రకాలుగా విడగొట్టారు: మంచి చేరడం, చెడు చేరడం, మంచి పోవడం, చెడు పోవడం. సిగరెట్ మానేస్తే పోయినట్టే, కానీ లాభం. అవతలి మనిషి అనుమానం మీకూ అంటుకుంటే కొత్తగా చేరినట్టే, కానీ అది మనకెందుకు?

తర్వాత మీకొకటి, అవతలి మనిషికొకటి రెండు వృత్తాలు గీయండి, ఎంత దగ్గరగా ఉన్నారనిపిస్తే అంతగా ఒకదాని మీద ఒకటి పడేలా. మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1992లో తెచ్చిన కొలతలో ఇలాంటి వృత్తాల జంటలు ఏడు ఉంటాయి, అంటీ అంటనట్టు ఉన్నవాటి నుంచి దాదాపు ఒకదాని మీద ఒకటి పడినవాటి దాకా. మీరు మాత్రం రెండుసార్లు గీయండి, ఇప్పుడు ఎలా ఉందో ఒకటి, ఎలా ఉండాలనుకుంటున్నారో ఒకటి. 'మేమిద్దరం ఒక్కటే' అని మురిసిపోవడం కన్నా ఈ రెండు బొమ్మల మధ్య తేడా చూడటం మేలు. ఫ్రాస్ట్, ఫారెస్టర్ 2013లో చేసిన అధ్యయనంలోనూ, కోరుకున్న దగ్గరితనానికీ ఉన్నదానికీ తేడా తక్కువున్నవాళ్ల బంధాలే మెరుగ్గా కనిపించాయి.

పోయిన మంచివాటిలో ఒక్కటి ఎంచుకుని వెనక్కి తెచ్చుకోండి. 'నీవల్లే నేనిలా అయ్యాను' అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది, అదే 'శనివారం పొద్దున మళ్లీ పాటల క్లాసుకి వెళ్తున్నా' అని మామూలుగా చెప్పేస్తే అవతలి మనిషి ఏం చేస్తారో చూడొచ్చు, నా లెక్కలో ఈ మొత్తం కసరత్తులో ఎక్కువ తెలిసేది అక్కడే. కాస్త సణిగితే సర్దుకోవచ్చు. చెప్పడానికే భయమేస్తుంటే మాత్రం జాబితాలు పక్కన పడేసి, నమ్మకమున్న మనిషికో, కౌన్సెలర్‌కో చెప్పండి.

ఇప్పటికే బ్రేకప్ అయినవాళ్లకు ఇరవై జవాబులు నిండకపోవచ్చు, కంగారు పడకండి. విడిపోయాక 'నేనెవరు' అన్నదే మసకబారుతుందని, బాధలో కొంత భాగం దాన్నుంచే వస్తుందని స్లాటర్, గార్డ్‌నర్, ఫింకెల్ అనే పరిశోధకులు 2010లోనే చూపించారు. కొన్ని వారాలకోసారి మళ్లీ రాయండి. విడిపోయిన మనిషి ఏం చేశారో రాయడం కాదు, ప్రతి వాక్యం 'నేను' అని మొదలవ్వాలి.