సేవ్ కొట్టినా సర్వర్‌లో ఫైల్ మారట్లేదా?

సర్వర్‌లోని ఫైళ్లని మన కంప్యూటర్ నుంచి తెరిచే విన్‌ఎస్‌సీపీలో ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశారు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో మార్చి సేవ్ కొట్టారు. సైట్ చూస్తే పాతదే. ఇలాంటప్పుడు మళ్లీ మళ్లీ సేవ్ కొట్టకండి. ముందు పుట్టీలో (సర్వర్‌కి కమాండ్లు ఇచ్చే ప్రోగ్రామ్) సర్వర్‌కి లాగినై ఆ ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో చూడండి. సమస్య ఏ వైపు ఉందో అక్కడే తేలిపోతుంది. చాలా సర్వర్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైమ్‌లో నడుస్తాయి, కాబట్టి మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక చూపిస్తే టెన్షన్ పడొద్దు.

టైమ్ మారలేదు

అంటే మీ మార్పు సర్వర్ దాకా పోలేదు. విన్‌ఎస్‌సీపీ ఫైల్‌ని మీ కంప్యూటర్‌లోని టెంప్ ఫోల్డర్‌లోకి దించి, ఆ కాపీని ఎడిటర్‌కి ఇస్తుంది. మీరు సేవ్ చేసినప్పుడల్లా గమనించి పైకి ఎక్కిస్తుంది. విన్‌ఎస్‌సీపీని మూసేస్తే ఎక్కించడానికి ఎవరూ ఉండరు. నిన్నటి ట్యాబ్ మాత్రం ఇవాళ కూడా తెరిచే ఉంటుంది, ఏ ఎర్రరూ లేకుండా సేవ్ అవుతుంది. ట్యాబ్ మీద మౌస్ పెట్టి ఫైల్ ఎక్కడుందో చూడండి, అందులో టెంప్ అని కనిపిస్తుంది.

మీ మార్పుల్ని వేరే చోట దాచుకుని, ఆ ట్యాబ్ మూసేసి, సర్వర్ నుంచి ఫైల్‌ని కొత్తగా తెరిచి అందులో పెట్టండి. పాత కాపీని యథాతథంగా ఎక్కించొద్దు. ఈలోపు టీమ్‌లో ఇంకొకరు ఆ ఫైల్‌ని ముట్టుకుని ఉంటే వాళ్ల పనంతా పోతుంది.

పర్మిషన్ డినైడ్, ఎర్రర్ కోడ్ 3

ఫైల్ రూట్ (సర్వర్ అడ్మిన్) పేరు మీద ఉంది, మీరు మామూలు యూజర్‌గా లాగినయ్యారు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగ్ ఫైళ్లతో ఇది రోజూ ఉండేదే. చాలామంది వెంటనే 777, అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు, సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా ఆ ఫైల్‌ని మార్చేయగలడు. ఫైల్‌ని మీ హోమ్ ఫోల్డర్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచి సుడోతో (రూట్ హక్కుతో కమాండ్ నడిపేది) అసలు ఫైల్ మీదికి కాపీ చేయండి. కాపీయే చేయండి, మూవ్ వద్దు. కాపీ చేస్తే పాత ఓనరు, పర్మిషన్లు అలాగే నిలుస్తాయి. మూవ్ చేస్తే ఆ చోటికి మీ పేరుతో ఉన్న ఫైల్ వచ్చి కూర్చుంటుంది.

టైమ్ మారింది, స్క్రిప్ట్ నడవట్లేదు

‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అన్న ఎర్రర్ వచ్చి, బ్యాష్ (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) పేరు పక్కన టోపీ గుర్తు (^), ఎం అక్షరం కనిపిస్తే అది లైన్ చివర్ల గొడవ. విండోస్ ప్రతి లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్‌కి ఒకటే కావాలి. ఆ మిగులు గుర్తు కూడా ప్రోగ్రామ్ పేరులో భాగమే అనుకుని లినక్స్ వెతుకుతుంది, దొరకదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్‌కి వెళ్లి యునిక్స్ ఎంచుకుని సేవ్ చేయండి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అయితే కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉన్నచోట నొక్కి ఎల్‌ఎఫ్ చేస్తే చాలు.

తెలుగు అంతా పిచ్చి గీతల్లా కనిపిస్తోంది

నెత్తిన గీతున్న చిన్న ఇంగ్లీష్ ఏ అక్షరం, దాని పక్కన ° లేదా ± గుర్తు, ఇవే పదే పదే వస్తుంటే మీ తెలుగు ఇంకా భద్రంగానే ఉంది. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. ఎడిటర్ ఆ మూడింటినీ విడివిడి అక్షరాలుగా చదివేస్తోంది, అంతే. ఈ స్థితిలో సేవ్ మాత్రం కొట్టకండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎన్‌కోడింగ్ మెనూలో ‘యూటీఎఫ్-8’ ఎంచుకోండి. కిందే ఉండే ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ జోలికి పోవద్దు, అది కనిపిస్తున్న చెత్తనే అసలు అక్షరాలుగా మార్చేస్తుంది. వీఎస్ కోడ్‌లో ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’ వాడండి, ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’ కాదు.

వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ పాత సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదు

రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ అంటే వీఎస్ కోడ్ నుంచే నేరుగా సర్వర్‌లో పని చేసుకునే ఎక్స్‌టెన్షన్. 2025లో వచ్చిన వీఎస్ కోడ్ 1.99 వెర్షన్ నుంచి సర్వర్‌లో జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములకి ఆధారమైన లైబ్రరీ) 2.28 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. పాత లినక్స్‌లైన సెంటోస్ 7లో ఉన్నది 2.17, ఉబుంటు 18.04లో 2.27. సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసేదాకా విన్‌ఎస్‌సీపీతోనే నెట్టుకురండి.