ఎమ్మెస్సీ కీటక శాస్త్రం: పరిశోధనను పురుగు కాలానికి అమర్చుకోవడం ఎలా

అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తిచేసి కీటక శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలనుకునే విద్యార్థి ముందుగా సీటు గురించి ఆలోచించడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ కోర్సును నడుపుతున్నాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో గానీ ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో గానీ చేరదలచినవారు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) నిర్దేశించిన పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో కీటక శాస్త్రం, నులిపురుగుల (నెమటోడ్ల) శాస్త్రం ఒకే సబ్జెక్టు గ్రూపు కనుక, బీఎస్సీలో తేలిగ్గా వదిలేసిన నులిపురుగుల పాఠాలను మళ్లీ చదవక తప్పదు.

సీటు దొరికాక ఎదురయ్యే అసలు చిక్కు సమయానిది. రెండేళ్ల కోర్సులో తరగతులు, సలహా సంఘం ఏర్పాటు, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదం ముగిసేసరికి మొదటి ఖరీఫ్ దాదాపు చేజారిపోతుంది. చివరి నెలలు థీసిస్ రాయడానికే సరిపోతాయి. అంటే పొలంలో ప్రయోగానికి దక్కేది ఒకటి, మహా అయితే రెండు సీజన్లు. కాబట్టి అంశాన్ని ఎంచుకునేటప్పుడు ఏ పద్ధతి కొత్తగా ఉంది అని కాకుండా, ఏ పురుగు ఏ నెలలో, పంట ఏ దశలో దొరుకుతుంది అని మొదట అడగాలి. పత్తిలో గులాబీ రంగు పురుగునే తీసుకుంటే, దాని ఉనికి సరిగా విచ్చుకోని గుడ్డిపూలలో ముందే కనిపించినా ఉధృతి పంట చివరి దశలోనే పెరుగుతుంది. లార్వా కాయ లోపల ఉంటుంది కనుక పచ్చికాయలను కోసి, చీల్చి లెక్కించాలి. ప్రతి పరిశీలనకూ కాయలు పోతాయి కాబట్టి, ప్రయోగపు మడిని ఆ మేరకు పెద్దదిగా వేసుకోవాలని విత్తే రోజునే గుర్తుంచుకోవాలి.

మొదటి సెమిస్టరులో పొలం ఖాళీగా ఉన్నా చేతులు ఖాళీగా ఉండకూడదు. వర్గీకరణ కోర్సు కోసం చేసే కీటకాల సేకరణను మార్కుల కోసం ముగించే పనిగా చూడడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. పెంకు పురుగుకు సూదిని కుడి ముందురెక్క మీదుగా, సీతాకోకచిలుకకు ఉరోభాగం నడిమధ్యగా గుచ్చాలి; సూదికి తట్టుకోలేనంత చిన్న కందిరీగలను త్రికోణపు అట్టముక్క కొనకు అంటించాలి; లార్వాలను ఆల్కహాల్‌లో భద్రపరచాలి. సేకరించిన ఊరు, తేదీ, ఆశ్రయ మొక్క, సేకరించినవారి పేరు రాసిన చీటీ లేకపోతే ఎంత అందంగా అమర్చిన నమూనాకైనా శాస్త్రపరంగా విలువ ఉండదు.

ఈ క్రమశిక్షణ ఎందుకో మిరప రైతుల అనుభవం చెబుతుంది. మిరపలో తామర పురుగులంటే చాలాకాలం సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ అనే జాతే. అది లేత ఆకులను ఆశించి వాటిని పైకి ముడుచుకునేలా చేస్తుంది. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటల్లో పూలను గుంపులుగా ఆశించి, పూత రాలిపోవడానికి కారణమైనది త్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరొక జాతి. చేలో నిలబడి రెండింటినీ ఒకే పేరుతో లెక్కించిన పట్టికకు ఆ తరువాత అర్థం చెప్పడం కష్టం. అందువల్ల ప్రతి పరిశీలన నుంచి కొన్ని పురుగులను స్లైడ్ మీద అమర్చి, నిపుణుల చేత నిర్ధారింపజేసి, వోచర్ నమూనాలుగా (తరువాత సరిచూసుకోవడానికి ఆధారంగా) విభాగంలో దాచాలి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ కీటక వర్గీకరణకు దేశంలో ముఖ్య కేంద్రం.

ప్రయోగశాలలో చేసే పనికైతే పురుగుల పెంపకాన్ని ప్రయోగానికి కనీసం రెండు మూడు తరాల ముందే మొదలుపెట్టాలి. సుడిదోమను తట్టుకునే వరి రకాలను పరీక్షించాలంటే, తట్టుకోలేని టీఎన్1 రకం మొక్కలను కుండీల్లో విడతలవారీగా పెంచుతూ దోమకు నిరంతరం అందించాలి. దోమ ఒక తరానికి సుమారు నెల పడుతుంది. శనగపచ్చ పురుగు లార్వాలు ఒకదాన్నొకటి తింటాయి కనుక, కాస్త ఎదిగినప్పటి నుంచి ఒక్కో లార్వాను ఒక్కో సీసాలో, శనగపిండితో చేసిన కృత్రిమ ఆహారం మీద పెంచాలి. లార్వాలను చంపే ఎన్‌పీవీ అనే వైరస్ సోకితే కొద్ది రోజుల్లోనే కల్చర్ (పెంచుతున్న పురుగుల సముదాయం) అంతా నల్లబడి కారిపోతుంది; గుడ్లను పలుచని సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడగడం, జబ్బు పడినవాటిని వెంటనే తీసివేయడం రోజువారీ పనిగా పెట్టుకోవాలి. సెలవులకు ఊరెళ్లే ముందు కల్చర్ బాధ్యతను తోటి విద్యార్థికి రాతపూర్వకంగా అప్పగించడం కూడా ఈ చదువులో భాగమే.

గణాంకాలను చివరికి వాయిదా వేయకూడదు. పురుగుల సంఖ్యను వర్గమూలంగానూ, శాతాలను ఆర్క్‌సైన్‌గానూ (కోణపు విలువగా) మార్చి విశ్లేషించే ఆనవాయితీ ఎందుకు వచ్చిందో, అది ఎప్పుడు అనవసరమో గైడుతో ప్రయోగానికి ముందే చర్చించాలి. పురుగుమందుల పరీక్షలో మందు తగలని పురుగులూ కొన్ని చనిపోతాయి. ఆ మరణాలు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే 1925లో అబాట్ అనే కీటక శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రంతో సవరించి, మందు మోతాదుకూ మరణాలకూ ఉన్న సంబంధాన్ని లెక్కించే ప్రాబిట్ విశ్లేషణ చేస్తారు. 20 శాతం దాటితే ఆ పరీక్షను పక్కనపెట్టి మళ్లీ చేయాలి, అందుకు సరిపడే ఒకే వయసు లార్వాలు కల్చర్‌లో అదనంగా ఉండేలా పెంపకం నాడే లెక్క వేసుకోవాలి.