రివాల్వర్, పిస్టల్ లైసెన్సు: దరఖాస్తు నుంచి ఎన్నికల డిపాజిట్ దాకా

తుపాకీ లైసెన్సు దరఖాస్తు పత్రమైన ఫారం ఏ-1లో గడులు చాలా ఉంటాయి గానీ ఫలితాన్ని తేల్చేది ఒక్కటే: ఆయుధం మీకు ఎందుకు కావాలి? ఆధార్, ఫొటోలు, మెడికల్ సర్టిఫికెట్ అందరూ జాగ్రత్తగా జత చేస్తారు. ఈ గడిలో మాత్రం 'ఆత్మరక్షణ కోసం' అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. ఆరు నెలలు తిరిగాక వచ్చే తిరస్కరణ ఉత్తర్వులో 'నిర్దిష్టమైన ప్రాణహాని కనిపించలేదు' అనే వాక్యం ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ గడి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో తుపాకీ కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం మూడింటికీ ఆయుధాల చట్టం 1959లోని 3వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో లాగా ఇంట్లో ఉంచుకోవడానికి ఒక పద్ధతి, నడుముకు పెట్టుకొని తిరగడానికి మరో పర్మిట్ ఉండవు. అక్కడి పర్మిట్ ఇక్కడ పనికిరాదు. దరఖాస్తు విధానం, ఫారాలు, గడువులు ఆయుధాల నియమావళి 2016లో ఉన్నాయి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి గరిష్ఠంగా ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

ఎవరికి ఇస్తారు, ఏ తుపాకీకి ఇస్తారు

ఆత్మరక్షణ లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. హింసతో కూడిన నేరంలో గానీ నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో గానీ శిక్ష పడినవారికి, శిక్ష ముగిశాక ఐదేళ్ల వరకు అర్హత ఉండదు. మానసిక స్థిమితం లేనివారికీ ఇవ్వరు. మన జిల్లాల్లో చాలామందికి అడ్డుపడేది మాత్రం బైండోవర్. ఊళ్లో గొడవ జరిగినప్పుడో ఎన్నికల ముందో తహసీల్దారు దగ్గర శాంతిభద్రతల బాండు రాసిచ్చి ఆ విషయం మరిచిపోతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107 నుంచి 110 సెక్షన్లు, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 126 నుంచి 129 సెక్షన్లు ఇవే. ఆ బాండు గడువు నడుస్తున్నంత కాలం తుపాకీకి అనర్హులే. గడువు ముగిసి ఉంటే ముగిసిందని చూపే ఉత్తర్వు నకలు తెచ్చుకొని దరఖాస్తుతో పాటే పెట్టండి. స్టేషన్ రికార్డులో ఆ పేరు ఎలాగూ కనిపిస్తుంది. మీరే ముందు చెబితే అది పాత విషయం అవుతుంది, వాళ్లు పట్టుకుంటే దాచిన విషయం అవుతుంది.

తుపాకీ రకం ఎంచుకునేటప్పుడు బోర్ (గొట్టం లోపలి కొలత) చూసుకోవాలి. కలెక్టర్ లేదా పోలీసు కమిషనర్ స్థాయిలో మామూలు పౌరులకు ఇచ్చేది నాన్ ప్రొహిబిటెడ్ (నిరోధం లేని) బోర్‌కే. చేతి తుపాకుల్లో ఎక్కువమంది తీసుకునేది .32 బోర్ రివాల్వర్ లేదా పిస్టల్. సర్వీస్ 9 ఎంఎం తూటా పేల్చగల పిస్టళ్లు, .380, .455, .45 తూటాలవి నిరోధిత వర్గంలోకి వస్తాయి. వాటి అనుమతి కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. సినిమాల్లో చూసి 9 ఎంఎం కావాలని రాస్తే దరఖాస్తు తప్పు గుమ్మం తట్టినట్టే.

'ఎందుకు కావాలి' అనే గడి

వృత్తి వల్ల, వ్యాపారం వల్ల, ఉద్యోగ స్వభావం వల్ల నిజంగా రక్షణ అవసరమైనవారు, సైన్యంలో, కేంద్ర బలగాల్లో, పోలీసుల్లో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు, షూటింగ్ క్రీడాకారులు: నియమావళి పరిశీలించమని చెప్పే వర్గాలు ఇవి. మీరు వ్యాపారి అయితే వ్యాపారం ఉందని చెప్పడం చాలదు. ఆ వ్యాపారంలో ప్రమాదం ఎక్కడుందో చూపాలి.

నగల దుకాణం యజమాని అనుకుందాం. రోజూ రాత్రి ఎన్ని గంటలకు షాపు మూస్తారు, నగదు లేదా సరుకు ఏ దారిలో తీసుకెళ్తారు, బ్యాంకు ఎంత దూరం, అంతకు ముందు దోపిడీ యత్నం ఏదైనా జరిగిందా, జరిగితే ఏ స్టేషన్‌లో ఏ నంబరు ఎఫ్‌ఐఆర్ అయింది. ఇవన్నీ ఒక పేజీలో రాయండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్, షాపు లైసెన్సు జత చేయండి. భూ తగాదాలో బెదిరింపులు వస్తుంటే, బెదిరించిన తేదీలు, ఫోన్ నంబర్లు, ఇచ్చిన ఫిర్యాదులు, కోర్టు కేసు నంబరు రాయాలి. ఫిర్యాదు ఇవ్వకుండా 'ప్రత్యర్థుల నుంచి ప్రాణహాని ఉంది' అంటే విచారణ అధికారి రాయడానికి ఏమీ ఉండదు. బెదిరింపు వచ్చిన రోజే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోవడం అన్నిటికంటే గట్టి ఆధారం. తగాదా ఉందన్న సంగతి రెండు వైపులా పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోండి. అవతలివారు మీమీద పెట్టిన కేసులు ఉంటే, తుపాకీ ఇస్తే గొడవ ముదురుతుందని పోలీసులు రాయవచ్చు. ఆ కేసుల ప్రస్తుత స్థితి కూడా కాగితాల్లో ఉండాలి.

ఆస్తి చూపకపోతే లైసెన్సు రాదనేది చాలామంది నమ్మకం. ఇది తప్పు. సరిపడా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆదాయపు పన్ను రిటర్నులు చాలా చోట్ల అడుగుతారు. ఇవ్వడం మంచిదే. కానీ చిన్న ఆదాయం అనర్హత కాదు.

కాగితాలు, పోర్టల్

దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ ఆయుధ లైసెన్సుల పోర్టల్ ఎన్‌డీఏఎల్-అలిస్‌లో ఫారం ఏ-1 ద్వారా నింపాలి. తర్వాత ప్రింటు తీసి, సంతకం చేసి, ఒరిజినల్స్‌తో లైసెన్సింగ్ అధికారి కార్యాలయంలో ఇవ్వాలి. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం లాంటి కమిషనరేట్లలో అయితే పోలీసు కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్. మీరు ఉండే ఇల్లు ఏ పరిధిలోకి వస్తుందో చూసుకోండి. కమిషనరేట్ అంచున ఉన్న మండలాలవారు తప్పు కార్యాలయంలో ఇచ్చి రెండు నెలలు పోగొట్టుకుంటారు.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఇటీవలి పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు, పుట్టిన తేదీ రుజువు, ఆధార్, చిరునామా రుజువు కావాలి. ఫారం ఎస్-3లో మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. శారీరక, మానసిక ఆరోగ్యంతో పాటు మత్తుపదార్థాలకు బానిస కాదన్న మాట అందులో రావాలి. మామూలు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తే వెనక్కి పంపుతారు. డాక్టరు దగ్గరకు ఆ ఫారమే ప్రింటు తీసుకెళ్లండి. ఆయుధ భద్రతా శిక్షణ పూర్తి చేసినట్టు ఫారం ఎస్-1 సర్టిఫికెట్, తుపాకీని తాళం వేసే బీరువాలో గానీ గన్ సేఫ్‌లో గానీ భద్రపరుస్తానన్న హామీపత్రం కూడా కావాలి.

పేరు విషయంలో మనవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పాన్‌లో చివర ఉంటుంది. తేడా ఉంటే ముందే ఆధార్ సరిచేయించుకోండి. పోర్టల్‌లో నమోదైన పేరుతోనే మీకు యూనిక్ ఐడెంటిఫికేషన్ నంబరు వస్తుంది. జీవితాంతం మీ ఆయుధాలన్నీ ఆ ఒక్క నంబరు కిందే ఉంటాయి.

పోలీసు విచారణ

దరఖాస్తు మీ స్టేషన్‌కు వెళ్తుంది. ఇంటికి కానిస్టేబులో ఎస్సైయో వస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు, కేసులు చూస్తారు, బీరువా ఎక్కడుందో కూడా చూడవచ్చు. ఇంట్లో తాగి గొడవలు, భార్యాభర్తల తగాదాలు, పాత కేసులు ఉంటే బయటపడేది ఇక్కడే. నివేదిక 30 రోజుల్లో ఇవ్వాలి. అది అందాక 60 రోజుల్లో లైసెన్సింగ్ అధికారి నిర్ణయం చెప్పాలి. ఆచరణలో జాప్యం స్టేషన్ స్థాయిలో, పైఅధికారుల సిఫారసుల మధ్యే జరుగుతుంది. నివేదిక గడువు దాటితే దానికోసం ఆగకుండానే నిర్ణయం తీసుకునే వెసులుబాటు 13వ సెక్షన్ అధికారికి ఇచ్చింది. గడువు దాటాక ఆ సెక్షన్ ప్రస్తావిస్తూ ఒక వినతిపత్రం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. మధ్యవర్తికి డబ్బిచ్చే కన్నా ఈ కాగితం మేలు, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది.

తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పకూడదనుకుంటే తప్ప, అడిగితే వాటిని క్లుప్తంగా మీకు ఇవ్వాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. కమిషనర్ ఉత్తర్వుపై రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. అప్పీలుకు 30 రోజులే గడువు కాబట్టి ఉత్తర్వు అందిన తేదీ కవరు మీదే రాసుకోండి. అక్కడా తేలకపోతే హైకోర్టులో రిట్.

కొనడం

లైసెన్సు చేతికొచ్చాక అందులో ఐదు విషయాలు చదవండి: ఆయుధం రకం, కొనడానికి ఇచ్చిన గడువు, చెల్లుబాటు ప్రాంతం, ఒకేసారి ఉంచుకోగల తూటాలు, ఏడాదికి కొనగల తూటాలు. కొన్న వెంటనే సీరియల్ నంబరు లైసెన్సులో ఎక్కాలి. డీలరు రాసిన నంబరు తుపాకీ మీది నంబరుతో అంకె అంకె సరిపోల్చండి. ఒక్క అంకె తప్పినా రెన్యువల్ నాడు అది వేరే తుపాకీ అవుతుంది.

చెల్లుబాటు మీ రాష్ట్రానికే ఉంటే, కాన్పూరులో ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీ దగ్గర కొన్న రివాల్వర్‌ను బ్యాగులో పెట్టుకొని రైలెక్కకూడదు. ముందే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. పాత తుపాకీని మరో లైసెన్సుదారుకు అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కు లేదా దగ్గరి స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.

వెంట తీసుకెళ్లేటప్పుడు

చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో లేదా అలాంటి తొడుగులో, మీ అదుపులోనే ఉండాలి. కారు డ్యాష్‌బోర్డులో పెట్టి గుడికి వెళ్లడం, డ్రైవరు చేతికివ్వడం పెద్ద తప్పులు. లైసెన్సు మీ పేరునే ఉంది, డ్రైవరు పేరున లేదు. రిపేరుకో రెన్యువల్‌కో మరొకరు తీసుకెళ్లాల్సి వస్తే మీ రాతపూర్వక అధికారం ఆయన దగ్గర ఉండాలి. జాతరలు, ఊరేగింపులు, సభలు, విద్యాసంస్థల ఆవరణలు నిషిద్ధం. లైసెన్సు వెంటే ఉంచుకోండి, పోలీసులు అడిగితే చూపాలి.

పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం 2019 నుంచి ప్రత్యేక నేరం. ఎవరికీ గాయం కాకపోయినా, ఇతరుల ప్రాణానికి అపాయం కలిగేలా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. లైసెన్సు రద్దు దానికి అదనం.

శంషాబాద్ లాంటి విమానాశ్రయాల్లో ఎక్కువగా దొరికిపోయేది తుపాకీ కాదు, బ్యాగు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా. ఉందని తెలిసి ఉంచుకున్నారా లేదా అనేదే కేసులో ప్రధాన ప్రశ్న అవుతుంది. తెలియక ఉన్న తూటా కేసుల్ని హైకోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి గానీ అంతవరకు విమానం పోతుంది, ఎఫ్‌ఐఆర్ మిగులుతుంది. తుపాకీకి వాడే బ్యాగును ప్రయాణానికి వాడకండి. నిజంగానే ఆయుధం తీసుకెళ్లాలంటే విమానయాన సంస్థకు ముందే చెప్పి, తూటాలు తీసేసి, చెక్-ఇన్ దగ్గర ప్రకటించాలి. క్యాబిన్‌లోకి రానివ్వరు.

కాల్చే హక్కు లైసెన్సు ఇవ్వదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలోని (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, అది కర్ర పట్టుకున్నవాడికీ తుపాకీ ఉన్నవాడికీ ఒక్కటే. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చి 'నా దగ్గర లైసెన్సు ఉంది' అంటే నిలవదు.

ఎన్నికలు, రెన్యువల్, వారసులు

ఎన్నికల కోడ్ రాగానే, ఎవరి ఆయుధాలు తీసుకోవాలో తేల్చే స్క్రీనింగ్ కమిటీ నిర్ణయం ప్రకారం ఆయుధాలు డిపాజిట్ చేయమంటారు. స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ ఇచ్చి, సీరియల్ నంబరు, తూటాల సంఖ్య రాసిన రసీదు తీసుకోండి. స్టేషన్ గదిలో తేమకు తుప్పు పడుతుంది కాబట్టి నూనె రాసి ఇవ్వండి. ప్రాణహాని బలంగా ఉంటే మినహాయింపు కోరుతూ కమిటీకి ఆధారాలతో అర్జీ పెట్టవచ్చు. ఫలితాల తర్వాత వారంలో తిరిగిస్తారు. తీసుకోవడానికి మీరే వెళ్లాలి.

రెన్యువల్‌కు గడువుకు రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. గడువు దాటిన తుపాకీ ఇంట్లో ఉంటే అది లైసెన్సు లేని తుపాకీయే. ఆ నేరానికి 2019 తర్వాత కనీస శిక్ష రెండేళ్ల జైలు.

చివరగా, తండ్రి పోయాక బీరువాలో మిగిలిపోయే రివాల్వర్. పెద్దకర్మ అయ్యాక చూద్దామని ఏళ్లు గడిపేసే కుటుంబాలు ఉన్నాయి. లైసెన్సు ఆయనతోనే ముగిసింది. ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసుల్లో ఒకరు మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ సర్టిఫికెట్, మిగతావారి నిరభ్యంతర పత్రాలతో తమ పేర ఫారం ఏ-1 పెట్టుకోవాలి. లైసెన్సుదారు బతికుండగానే 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, ఏది ముందైతే అప్పుడు వారసుణ్ణి ఆయనే సూచించవచ్చు. ఎవరికీ అక్కర్లేకపోతే డీలరుకు అమ్మేయవచ్చు, లేదా ప్రభుత్వానికి అప్పగించి లైసెన్సు రద్దు ఉత్తర్వు తీసుకోవచ్చు. ఆ ఉత్తర్వు చేతికొచ్చే వరకు పోర్టల్‌లో ఆ ఆయుధం ఆయన పేరు మీదే ఉంటుంది.