రింగుల జుట్టుకు వంటింటి ప్యాకులు: కలపడం కన్నా వడకట్టడమే పెద్ద పని

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆటోలో కాసేపు వెళ్తే పాతపట్నం, అది ఆంధ్ర. నాది పుట్టుకతోనే రింగుల జుట్టు. స్ట్రెయిటనింగ్ చేయించలేదు, రంగు వేయలేదు. చిన్నప్పుడు దువ్వెన పళ్ళు విరిగినప్పుడల్లా మా మామ్మ చివాట్లు నాకే పడేవి.

ప్లస్‌టూ చదివే రోజుల్లో రజొ పండగ ముందురోజు సాయంత్రం రెండు అరటిపళ్ళు ఫోర్కుతో మెదిపి తలకు పట్టించుకున్నాను. జూన్ నెల మధ్యలో వచ్చే ఈ పండగకి ఆడపిల్లలు మొదటిరోజు తెల్లవారుజామునే పసుపు, నూనె రాసుకుని స్నానం చేస్తారు. తర్వాత రెండు రోజులూ స్నానం చేయకూడదు. పక్కింటి ఒడియా అమ్మాయితో పాటు నేనూ ఆ పద్ధతే పాటించేదాన్ని. రాత్రి ఎంత కడిగినా, తెల్లారి మళ్ళీ కడిగినా అరటిపండు వదల్లేదు. గాలి తగిలి గోధుమరంగుకి తిరిగిన పోగులు ఉయ్యాల ఊగుతుంటే భుజాల మీద రాలాయి. ఆ రెండు రోజులూ ముడి విప్పితే ఒట్టు. అప్పటి నుంచి ఏ ప్యాక్ చూసినా నేను ముందు అడిగేది ఒకటే, ఇది తలలోంచి ఎలా వదులుతుంది?

బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. దానికి మనం పెట్టే మేత ఏదీ ఎక్కదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మెంతులు రుబ్బి పెట్టినంత మాత్రాన అది రెండు కాదు. ప్యాక్ వల్ల వెంట్రుక మీద జారుడు పొర ఏర్పడుతుంది, చిక్కు సులువుగా వస్తుంది, తెగేది తగ్గుతుంది. రింగుల జుట్టుకి అదే పెద్ద లాభం. ఎందుకంటే మాడు దగ్గరి జిడ్డు మెలికలు దాటి కొసల దాకా దిగదు, కొసలు ఎప్పుడూ ఎండిపోయే ఉంటాయి.

నేను ఎక్కువగా వాడేది మెంతులే. మూడు చెంచాలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళతోనే మిక్సీలో మెత్తగా తిప్పుతాను. ఎంత తిప్పినా రవ్వ మిగులుతుంది. అది రింగుల్లో ఇరుక్కుంటే వారం దాకా తలలో ఇసక పోసినట్టే. అందుకని పాత వాయిల్ చీర ముక్కలో వేసి పిండుతాను. గుడ్డలోంచి కారేటప్పుడు అది చుక్కలుగా పడదు, తీగలా సాగుతుంది. ఆ జిగురే మనకి కావాల్సింది. పిప్పి పారేసి, జిగురులో రెండు చెంచాల కమ్మటి పెరుగు చిలికి కలుపుకోవాలి. జుట్టు తడిపి, నాలుగు పాయలు చేసి, కొసల నుంచి పైకి పట్టించండి. అరగంట చాలు. ఎండి పెంకు కట్టేదాకా ఉంచితే కడిగేటప్పుడు కన్నీళ్ళే. జిగురు తలమీద ఉండగానే వేళ్ళతో చిక్కు తీసేసి, తర్వాత మామూలు నీళ్ళతో కడగాలి.

అవిసె గింజలది ఇంకో దారి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, మధ్యస్థంగా మంట. అడుగంటకుండా కలుపుతూ ఉంటే పది నిమిషాల లోపే నీళ్ళు గుడ్డు తెల్లసొనలా సాగుతాయి. వెంటనే దించి వేడిమీదే వడకట్టాలి. చల్లారాక వడకడదాం లెమ్మని నేనోసారి టీవీ ముందు కూర్చున్నాను, గిన్నె మొత్తం గడ్డ కట్టి జల్లెడలో చుక్క దిగలేదు. దీన్ని కడగక్కర్లేదు. తలస్నానం అయ్యాక తడి జుట్టుకి కొంచెం రాసి, గుప్పిటతో పైకి నలిపి వదిలేయండి. ఆరాక గరగరలాడితే అరచేతిలో రెండు చుక్కల కొబ్బరి నూనెతో మళ్ళీ నలపండి. మిగిలింది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారేయాలి.

మా మామ్మ తరవాణి అనేది, పక్కింటివాళ్ళు పఖాళ నీళ్ళని తొరాణి అంటారు. పులిసిన అన్నం నీళ్ళే. తలకైతే ఉప్పు వేయకముందే తీసిపెట్టుకోండి. పది నిమిషాలు ఉంచి కడిగేస్తే జుట్టుకి కాస్త పట్టు వస్తుంది. వారం వారం వాడితే మాత్రం గంజి పెట్టిన చీరలా బిరుసెక్కుతుంది. నెలకోసారి చాలు. పులుపు వాసన గురించి ఇంట్లోవాళ్ళు ఏదో ఒకటి అంటారు, అననివ్వండి.

కొబ్బరి నూనె తలస్నానానికి ముందు. ముందురోజు రాత్రి రాస్తే మరీ మంచిది. పొద్దుతిరుగుడు నూనెలా పైపైన ఉండిపోదు, వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు జుట్టులోని ప్రోటీన్ పోవడం తగ్గుతుంది. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకి కాకుండా కొసలకే రాసుకోవాలి.

గుడ్డు నేను మానేశాను. అందులోని ప్రోటీన్ వెంట్రుకలోకి దూరేంత చిన్నది కాదు, పైగా వేడినీళ్ళు తగిలితే తలమీదే ఉడుకుతుంది. నిమ్మరసం నేరుగా వద్దు, మాడు మండుతుంది. వంట సోడా అసలే వద్దు. అది క్షారం, వెంట్రుక పైపొరని లేపేసి పీచులా చేస్తుంది. ఉల్లిరసం వాసన మూడు తలస్నానాలకీ పోలేదు, ఇక దాని జోలికి పోలేదు.

ఏది కొత్తగా మొదలుపెట్టినా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దురు వస్తే తలదాకా తేవద్దు. వంటింటిది కదా, ఏమవుతుందిలే అనుకోకండి. మెంతులు పడనివాళ్ళూ ఉంటారు.

ఇంకోటి, ప్యాక్ కడిగే ముందు బాత్రూం జాలీ మీద పలచటి గుడ్డ ముక్క వేయండి. మా ఇంట్లో గొట్టం రెండుసార్లు మూసుకుపోయింది. రెండోసారి వచ్చిన ప్లంబర్ లోపలి నుంచి లాగిన మెంతి ముద్దని గుమ్మం ముందు పెట్టి, దానివంకా నా తలవంకా చూసి, మూడు వందలు అడిగాడు. బేరం ఆడలేదు.